గొంతుకీ వయసొస్తుంది

మనిషికి వయసు వచ్చిన సంగతి అద్దం చెబుతుంది, మోకాళ్లు చెబుతాయి, బస్సులో లేచి సీటిచ్చే కుర్రాడు చెబుతాడు. గొంతు మాత్రం ఎవరికీ చెప్పకుండా లోపల్లోపలే మారిపోతుంటుంది. మన గొంతు మనకి తెలియదు. పదేళ్లకోసారి మాట్లాడే మేనత్త ఫోనులో "ఏందే, గొంతు గిట్ల బొంగురు పోయింది?" అన్నప్పుడు గాని ఆ ధ్యాస రాదు.

పాటగాళ్ల సంగతి వేరు. వాళ్ల గొంతు ఏ ఏడు ఎలా ఉండేదో రికార్డుల మీద అచ్చు గుద్దినట్టు మిగిలిపోతుంది. పెళ్లి ఫోటోనూ షష్టిపూర్తి ఫోటోనూ పక్కపక్కన గోడకి తగిలించుకున్నట్టు, 1951 నాటి గొంతునూ 1971 నాటి గొంతునూ ఒకే సాయంత్రం వినేయవచ్చు. ఈ మధ్య మోకాలి నొప్పికి డాక్టరుగారు నెల్లాళ్లు మెట్లు ఎక్కవద్దన్నారు. మేడ మీద గది మాట దేవుడెరుగు, కింద గదిలో కూర్చుని నేను చేసిన పని అదే. సినిమా వచ్చిన సంవత్సరాల వరసలో ఘంటసాల వెంకటేశ్వరరావుగారిని మొదటినుంచీ విన్నాను. మా వారు "నెల రోజులు ఒక్కడి పాటేనా?" అన్నారు. ఒక్కడు కాదండీ, నలుగురైదుగురు ఉన్నారు ఆ ఒక్క పేరులో. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఘంటసాలగారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. మా నల్లగొండ వాళ్లకీ, పాలమూరు వాళ్లకీ ఆయన ఊరి వాడూ కాదు, ఆ రోజుల్లో ఒక రాష్ట్రం వాడూ కాదు. మేము నిజాం రాజ్యం, వాళ్లు మద్రాసు రాజధాని. అయినా మా ఇంట్లో ఆయనకి దక్కిన గౌరవం వియ్యంకుడికి కూడా దక్కలేదు. దానికో కారణం ఉంది. మా నాయన దేవరకొండ తాలూకాలో ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. 1948 పోలీసు చర్య దాకా ఇక్కడ బళ్లల్లో చదువంటే ఉర్దూయే. ఇంట్లో మాట తెలుగు, బళ్లో చదువు ఉర్దూ. కరణీకపు కాగితం ఉర్దూ, అమ్మ చెప్పే కథ తెలుగు. భాగవత పద్యం ఎక్కడ విరవాలో, ఏ అక్షరం నొక్కాలో ఆయనకి నేర్పిన పంతులు లేడు. ఆ పద్యాలు ఆయనకి ఘంటసాల దగ్గర వచ్చాయి. దొరగారి ఇంట్లో గ్రామఫోను పెడితే అరుగు కింద నిలబడి విని, పొలం గట్టు మీద మళ్లీ పాడుకునేవారట. ఒక్క మాట కూడా మింగకుండా, ఒక్క ఒత్తు కూడా జారకుండా పాడే మనిషి కాబట్టి సరిపోయింది. పాట నేర్చుకోవడం అలా ఉంచండి, మా నాయన అక్షరాలే ఆయన దగ్గర నేర్చుకున్నారంటే నమ్మాలి.

అందుకే ఆ గొంతు మారుతుంటే మా ఇంట్లో అది ఇంటి సంగతి అయింది.

ఆ గొంతు పుట్టుక చూడండి. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. పిల్లవాడిని భుజం మీద ఎక్కించుకుని భజనలకి తీసుకువెళ్లేవారు. పిల్లవాడికి పదకొండేళ్లప్పుడు ఆయన పోయారు, కొడుకు సంగీతం నేర్చుకోవాలన్న కోరిక ఒక్కటి వదిలి. ఆ కోరిక పట్టుకుని ఈ అబ్బాయి విజయనగరం వెళ్లాడు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల ఉంది. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పారు. చదువు దొరికింది గాని భోజనం దొరకలేదు. జోలె పట్టుకుని ఇంటింటికీ తిరిగి మధూకరం ఎత్తుకున్నారు.

ఈ మధూకరం సంగతి అందరూ ఆయన కష్టాల కింద చెబుతారు. నాకు మాత్రం అది కూడా పాఠమే అనిపిస్తుంది. వీధిలో నిలబడి పిలిస్తే వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి వినపడాలి. వినపడితే చాలదు, ఆవిడకి విసుగు రాకూడదు. గట్టిగా ఉండాలి, కటువుగా ఉండకూడదు. అటువంటి గొంతు ఏ కళాశాలలో నేర్పుతారు?

1942 ఉద్యమంలో జైలుకి వెళ్లొచ్చి, సముద్రాల రాఘవాచార్యులుగారి సాయంతో మద్రాసు చేరి, రేడియోలో పాడి, కోరస్సుల్లో నిలబడి, 1945లో 'స్వర్గసీమ'లో భానుమతిగారితో గొంతు కలిపారు. అక్కడినుంచి మొదటి ఆయన మొదలవుతారు.

ఈ మొదటి ఘంటసాల గొంతులో నాకు వినిపించేది తొందర. పాట కాస్త పైకి వెళ్లిందంటే అక్కడే ఉండిపోవాలన్న ఉత్సాహం. కొత్త కోడలు వంటింట్లో అన్ని డబ్బాలూ ఒకేసారి మూత తీసినట్టు, నేర్చుకున్న గమకాలన్నీ ఒక్క చరణంలో చూపించాలన్న ఆరాటం. అప్పటికి మన వాళ్ల చెవులు కూడా అలాంటి పాటకే అలవాటు పడి ఉన్నాయి. నాటకాల్లో మైకు ఉండేది కాదు. హరిశ్చంద్రుడైనా కృష్ణుడైనా ఆఖరి వరసలో నేల మీద కూర్చున్న వాడికి వినపడాలంటే పై స్థాయిలో అరవాల్సిందే. పద్యం చివర రాగం తీశారంటే ఒక పిల్లవాడు ఇంటికి వెళ్లి చెంబెడు మంచినీళ్లు తాగి వచ్చేవాడు, ఈయన ఇంకా రాగంలోనే ఉండేవారు. "వన్స్ మోర్" అంటే మళ్లీ మొదటినుంచి. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పాడేదని చెప్పుకుంటారు.

మైకు వచ్చి ఆ అవసరం తీర్చేసింది. కాని పాత అలవాటు వదలడానికి కొన్నాళ్లు పట్టింది అందరికీ. కొత్తగా ఫోను వచ్చినప్పుడు మా అత్తగారు హైదరాబాదుతో మాట్లాడుతుంటే హైదరాబాదుకి నేరుగా వినపడేది కదా, అలాగన్న మాట. మైకు ముందు నెమ్మదిగా పాడవచ్చు, గుసగుసగా పాడినా ఆఖరి వరసకి చేరుతుంది అన్న సంగతిని మన దేశంలో తొందరగా పట్టుకున్న కొద్దిమందిలో ఆయన ఒకరు.

1951లో 'పాతాళభైరవి' వచ్చింది. సంగీతం కూడా ఆయనదే. లీలగారితో కలిసి పాడిన పాటలు వినండి. తోట రాముడి వయసు ఎంతో ఆ గొంతు వయసూ అంతే. ఆకతాయితనం ఉంది, బెంగ ఉంది, కంఠం ఎక్కడా గట్టిపడలేదు. అదే ఏడు 'మల్లీశ్వరి'. సాలూరి రాజేశ్వరరావుగారి బాణీలు. అందులో ఇంకా మెత్తన. రాజేశ్వరరావుగారు స్వయంగా లలిత గీతాలు ఎంతో సున్నితంగా పాడగలిగినవారు, ఆయన చేతిలో పడి ఈ గొంతు బరువు దించుకుంది అనిపిస్తుంది. రెండేళ్లకి 1953లో 'దేవదాసు'. సి.ఆర్.సుబ్బురామన్ గారి సంగీతం. సినిమా విడుదల కాకముందే ఆయన పోయారు. ఆ పాటల్లో తాగినవాడి మాట తడబడుతుంది, శ్రుతి తడబడదు. ఎంత కష్టమో ఆలోచించండి. అప్పటికి పాడేవాడికి ముప్ఫై ఏళ్లు. ముప్ఫై ఏళ్లవాడు జీవితం అయిపోయిన వాడిలా పాడాడు. అంటే గొంతుకి వయసు రావడానికి ఏళ్లు అక్కర్లేదన్న మాట, కావలిస్తే తెచ్చుకోవచ్చు.

ఇదే సమయంలో ఆయన పద్యాన్ని మార్చేశారు. నేను సినిమా పాటలకంటే ఈ పనిని పెద్దదిగా లెక్కపెడతాను. మాట ముందు, రాగం తర్వాత. మాటని మాటగా అనేసి, అర్థం చెవిలో పడ్డాక, అవసరమైనంత రాగం తీసి ఆపేయడం. నీళ్లు తాగి వచ్చే వ్యవధి ఉండదు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పద్యాలు 'పుష్పవిలాపం' పేరుతో రికార్డుగా వచ్చినప్పుడు, ఆ పువ్వుల గోడు విని పూజకి పూలు కోయడం మానేసిన ఆడవాళ్లున్నారని మా అమ్మ చెప్పేది. మా అమ్మ మానలేదు. "దేవునికి బెట్టకుంటే నాకెట్ల?" అని కోస్తూనే ఉండేది, కాని మొగ్గల జోలికి పోయేది కాదు. ఒక రికార్డు ఆ మాత్రం చేస్తే తక్కువా?

ఇక రెండవ ఘంటసాల. 1956 నుంచి 1965 దాకా వేసుకోండి. ఇక్కడ వినేవాళ్లకి ఒరవడి అందదు. 1957లో 'మాయాబజార్'. నాలుగు బాణీలు కట్టి రాజేశ్వరరావుగారు తప్పుకుంటే, తక్కిన సంగీతమంతా ఈయన చేశారు. 1959లో 'జయభేరి', 1961లో 'జగదేకవీరుని కథ', రెండూ పెండ్యాల నాగేశ్వరరావుగారివి. 1963లో 'లవకుశ', సంగీతం ఆయనదే. 'జగదేకవీరుని కథ'లో దర్బారీ కానడలో పాడిన 'శివశంకరీ' పాటకి తెలుగుదేశంలో ఒక స్థానం ఉంది. కొత్తగా పాడేవాళ్లు దాన్ని పాడి పరీక్ష ఇస్తారు, వినేవాళ్లు బిగబట్టి మార్కులు వేస్తారు. ఈ రోజుల్లోలాగా ముక్కలు ముక్కలుగా పాడి అతికించే సదుపాయం అప్పట్లో లేదు. వాద్యాలవాళ్లంతా ఒక గదిలో కూర్చుని, గాయకుడితో పాటే వాయించాలి. ఆఖరి చరణంలో ఎవరికైనా చేయి జారితే మళ్లీ మొదటినుంచి అందరూ. పప్పు మాడితే పప్పు ఒక్కటీ కాదు, వంటంతా మళ్లీ చేసినట్టు.

ఆ కాలంలో ఆయన గొంతు మధ్య స్థాయి నిండుగా కుదిరింది. మొదట్లో పైకి వెళ్లి మెరిసేది, ఇప్పుడు కిందనే ఉండి నిండుతుంది. అవసరమైనప్పుడే పైకి వెళుతుంది. వెళ్లినప్పుడు అందరం తలెత్తి చూస్తాం. రామారావుగారికి పాడితే ఒకలా, నాగేశ్వరరావుగారికి పాడితే ఒకలా ఉంటుందని మా చిన్నప్పుడు పెద్దలు గొప్పగా చెప్పేవారు. 1962లో 'గుండమ్మకథ'లో ఇద్దరికీ ఆయనే పాడారు. కళ్లు మూసుకుని విన్నా ఎవరికి ఏ పాటో చెప్పగలం. రామారావుగారి గొంతుకి మాట చివర కాస్త ఛాతీ విరుపు, నాగేశ్వరరావుగారి గొంతుకి కాస్త ముక్కు వైపు జారుడు. మిమిక్రీ కాదది. ఒకే చీరని ఇద్దరు అక్కచెల్లెళ్లు కట్టుకుంటే కట్టులో తేడా తెలుస్తుంది చూడండి, అంత.

ఇక్కడ ఆడవాళ్ల తరఫున ఒక మాట అనకపోతే నాకు నిద్ర పట్టదు. 'పాతాళభైరవి'లో ఆయన పక్కన లీలగారు. పదేళ్లు తిరిగేసరికి ఆయన పక్కన ఎక్కువగా సుశీలగారు. ఆయన మాత్రం ఆయనే. లీలగారి గొంతులో ఏ లోపమూ రాలేదు, 'లవకుశ'లో సుశీలగారితో కలిసి లవకుశుల పాటలు పాడింది ఆవిడే. కాని నాయిక గొంతు లేతగా ఉండాలన్నారు. నాయకుడి గొంతు ముదిరితే గాంభీర్యం వచ్చిందన్నారు, నాయిక గొంతు ముదిరితే గొంతు మార్చారు. నాయకుడికి నలభై ఏళ్లొచ్చినా కాలేజీ చొక్కా వేశారు కాబట్టి ఆయనకి పాడే వాడికీ ఉద్యోగం పోలేదు. ఆడవాళ్లు ఏం చేశారు? వయసుని గొంతులోకి రానివ్వకుండా కాపలా కాశారు. 1981లో 'సప్తపది'లో చిన్న పిల్లవాడికి పాడినది ఎస్.జానకిగారు. అప్పటికి ఆవిడకి నలభై మూడేళ్లు. అది గొప్ప విద్యే, నేను కాదనడం లేదు. కాని నలభై మూడేళ్ల స్త్రీ గొంతు నలభై మూడేళ్ల స్త్రీగా పాడడానికి మన సినిమాల్లో ఎన్ని పాటలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. వేళ్లు మిగిలిపోతాయి.

సరే, మళ్లీ దారిలోకి వద్దాం. 1966లో బాలసుబ్రహ్మణ్యం అనే కుర్రాడు మొదటి పాట పాడాడు. 1969లో 'ఏకవీర' సినిమాలో ఆ కుర్రాడూ, ఘంటసాలగారూ కలిసి పాడిన పాట ఒకటుంది. ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. నా నెల్లాళ్ల వినికిడిలో నేను ఎక్కువసార్లు పెట్టింది ఈ పాటే. ఇరవై మూడేళ్ల గొంతు నీళ్లలా పారుతుంది. నలభై ఏడేళ్ల గొంతు పక్కన గట్టులా ఉంటుంది. ఎవరు బాగా పాడారంటే చెప్పలేం. కాని వయసు తేడా మొదటి మాటకే తెలిసిపోతుంది.

అప్పటికే ఆయనకి మధుమేహం, గుండె జబ్బు. పాటకి కావలసింది గొంతొక్కటే అనుకుంటాం గాని, గొంతు కంటే ముందు కావలసింది ఊపిరి. గొంతులో ఉండే రెండు చిన్న తీగలు ఊపిరి తాకిడికి కదిలితే శబ్దం పుడుతుంది. వయసుతో ఆ తీగల సాగుడు తగ్గుతుంది, ఊపిరితిత్తుల పట్టు తగ్గుతుంది. మనిషి ఒక్క ఊపిరిలో అనే మాట చిన్నదవుతుంది. పై స్థాయి ముందు పోతుంది. కింది స్థాయి మిగులుతుంది, కొందరికి ఇంకా బాగుపడుతుంది కూడా.

"గొంతు పోయిందంట గదా ఆయనకి" అని మా చిన్నాయన ఒకసారి రేడియో ముందు కూర్చుని అన్నాడు. మా నాయన రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నిజానికి ఆ రోజుల్లో అలా అన్నవాళ్లు చాలామంది. గొంతు పోయిందా? పోయింది ఏదో నాకు ఇప్పుడు విడమరిచి వింటే తెలుస్తోంది. పొడుగాటి సంగతులు తగ్గాయి. పై స్థాయిలో నిలబడడం తగ్గింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వినపడుతోంది. దాచడానికి ఆయన ప్రయత్నించలేదు. 1971లో 'ప్రేమనగర్' పాటలు వినండి. దేవదాసూ ప్రేమలో ఓడినవాడే, ఈ కథానాయకుడూ ప్రేమలో ఓడినవాడే. తెర మీద మనిషి కూడా ఆ నాగేశ్వరరావుగారే. పద్దెనిమిదేళ్ల తేడా. దేవదాసులో దుఃఖాన్ని పాడారు. ప్రేమనగర్‌లో పాడడం తగ్గింది, దాదాపు మాట్లాడారు. కె.వి.మహదేవన్ గారు కూడా ఆ సంగతి కనిపెట్టి, మాటకి చోటిచ్చే బాణీ కట్టారనిపిస్తుంది.

స్పెయిన్ దేశంలో ఫ్లమెంకో అని ఒక పాట ఉంది. అక్కడి జిప్సీల ఇళ్లల్లో పెరిగిన పాట. మన అమ్మాయిలు గంతులేసే డాన్సు అనుకుంటారు గాని, అసలు దానికి పాటే ప్రాణం. అక్కడ కమరోన్ దె లా ఇస్లా అని ఒక గాయకుడుండేవాడు, 1950లో పుట్టి 1992లో నలభై ఒక్క ఏళ్లకే పోయాడు. 1969 నుంచి పాకో దె లుసియా గిటారుతో అతను చేసిన మొదటి రికార్డుల్లో గొంతు తేనెలా ఉంటుంది. ఆఖరి రికార్డులకి ఆ గొంతు గరుకెక్కి, చీరుకుపోయి, ఊపిరి అందక ఉంటుంది. సిగరెట్లు, తర్వాత ఊపిరితిత్తుల జబ్బు. తమాషా ఏమిటంటే, అక్కడి రసికులు చాలామంది ఆ చీరుకుపోయిన గొంతునే నెత్తిన పెట్టుకుంటారు. వాళ్ల లెక్కలో గొంతు పగలడం పాటకి అడ్డు కాదు, పాట బయటికి వచ్చే దారి. తీయగా పాడేవాడిని ఇంకా కష్టం తెలియని వాడంటారు.

అంత దూరం ఎందుకు? మా పాలమూరులోనే ఉంది ఆ లెక్క. నాగర్‌కర్నూలు వైపు లింగాల మండలం అవుసలికుంటకి చెందిన దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ పాడతారు. వెదురు బద్ద, సొరకాయ బుర్రలు, తీగలు, అంతే ఆ వాద్యం. ఊరూరా తిరిగి పాడి, ఇల్లిల్లూ అడిగి బతికిన కులవిద్య. ఆ గొంతుని ఎవరూ తీయని గొంతు అనరు. అందులో దుమ్ముంది, ఎండ ఉంది, పెద్దోళ్లని కొట్టి పేదోళ్లకి పెట్టిన సాయన్న మీద మమకారం ఉంది. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో ఆ గొంతు వినిపించేసరికి దేశమంతా చెవి పెట్టింది. మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. ఆ గొంతు యవ్వనంలో ఎలా ఉండేదో మనకి వినే దారి లేదు. ఎవరూ రికార్డు చేయలేదు, అందుకని. సినిమావాళ్లకి కావలసింది కూడా ఆ ముదురే, ఆ గరుకే. కుర్ర గొంతు తీయగా పాడి ఉంటే దాన్ని పిలిచేవాళ్లు కాదు.

ఘంటసాలగారిది మరో బజారు. ఆయన గొంతు ముదిరిన మాట సినిమాకి అక్కర్లేదు, ఎప్పటికీ కుర్ర నాయకుడికే పాడాలి. అందుకే 1970లో పద్మశ్రీ వచ్చినా, 1971లో ఐరోపా, అమెరికాల్లో తిరిగి పాడి వచ్చినా, ఇక్కడ కొందరు కొత్త గొంతు కోసం చూస్తూనే ఉన్నారు. రామకృష్ణ వచ్చారు. బాలు నిలదొక్కుకుంటున్నారు. ఆ బజారులో ఆయనకి తగిన పాటలు ఎక్కడో ఒకటీ అరా దొరికాయి. 1973లో 'జీవన తరంగాలు'. సంగీతం జె.వి.రాఘవులుగారు, ఒకప్పుడు ఆయన దగ్గరే సహాయకుడు. శవయాత్ర వెంట నేపథ్యంగా వచ్చే పాటని గురువుగారి చేత పాడించారు. ఆ పాటకి కుర్ర గొంతు నిలవదు. చనిపోయినవాళ్ల గురించి, చనిపోబోయేవాళ్ల గురించి పాడాలంటే అటువైపు ఒకసారి చూసి వచ్చిన గొంతు కావాలి. శిష్యుడికి ఆ సంగతి తెలుసు.

ఆ రోజుల్లోనే భగవద్గీత. ఎంచిన శ్లోకాలు, వెంట తెలుగు తాత్పర్యం. నాయకుడికి కాదు, నాయికతో కాదు. గొంతు మార్చుకోవలసిన పని లేదు, ఎవరి వయసూ తెచ్చుకోవలసిన పని లేదు. ఉన్న గొంతుతో ఉన్నట్టు పాడారు. నేను చెప్పే మూడవ ఘంటసాల ఈయన. శ్లోకాన్ని రాగంలో పెట్టి, తాత్పర్యాన్ని మామూలు మాటగా చెబుతుంటే, ఆ మాట వినడానికే నేను శ్లోకం అయిపోవాలని చూస్తాను. పై స్థాయి అందని ఊసే రాదు, అక్కడికి వెళ్లవలసిన పనే పెట్టుకోలేదు. విజయనగరంలో జోలె పట్టిన పిల్లవాడి పిలుపూ, పాతిక ముప్ఫై ఏళ్ల సినిమా మైకు నేర్పిన నెమ్మదీ రెండూ అందులో కలిశాయి. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు, యాభై ఒక్కటో ఏట. గీత రికార్డు ఆయన పోయాకే జనంలోకి వచ్చింది. ఆ మే నెలలో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'లో శ్రీశ్రీగారు రాసిన పాట, రామకృష్ణతో గొంతు కలిపి పాడింది, అదీ ఆయన పోయాకే విన్నాం. యుద్ధానికి లేవమని పిలిచే పాట అది. పాడింది జబ్బుమనిషి అని వినేటప్పుడు ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. మీ ఊళ్లో ఎలా ఉందో గాని, మా మహబూబ్‌నగర్‌లో భగవద్గీత వినపడిందంటే వీధిలో తలుపులు తెరుచుకుంటాయి. వైకుంఠ రథం వస్తోందని. దాని మీద లౌడ్‌స్పీకరు, అందులో ఆయన. నల్లగొండలోనూ అంతే, దేవరకొండలోనూ అంతే. ఒకరోజు పొద్దున్నే పూజ చేసుకుంటూ నేను గీత పెడితే, ఎదురింటి ఆవిడ కొంగు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చి "ఎవరు పోయిండ్రు వదినా?" అంది. మా మనవరాలు ఆ గొంతు వింటే చాలు, టీవీలో పాత పాటైనా సరే, "చచ్చిపోయినోళ్ల తాత" అంటుంది. తోట రాముడి ఆకతాయితనం, అభిమన్యుడి ప్రేమ, గుండమ్మ ఇంటి అల్లుళ్ల వేళాకోళం, అన్నీ పాడిన మనిషికి చివరికి ఈ ఉద్యోగమా అని మొదట్లో నాకు కడుపు మండేది. మా వారు పేపరు దించి "కర్నూలు రోడ్డులో పోయే బళ్లన్నిటికీ డ్రైవర్లు మారుతుంటరు, పాటగాడు మాత్రం మారలే" అన్నారు.

అది నిజం. యాభై ఏళ్లు దాటింది. ఈలోగా ఎందరో గీత పాడారు, మంచి యంత్రాలతో, మంచి ఆరోగ్యంతో, కుర్ర గొంతులతో. ఇంట్లో మనిషి పోయిన రోజున ఆ బండి వాడు అవేవీ పెట్టడు. పెడితే ఇంటివాళ్లు ఊరుకోరు.

మా నాయన పోయిన రోజునా ఆ గొంతే. బండి మా సందు మలుపు తిరుగుతుండగా తాత్పర్యం దగ్గరికి వచ్చింది. మా చిన్నాయన, అదే, గొంతు పోయిందన్న ఆయన, చెప్పులు లేకుండా ముందు నడుస్తున్నవాడు, డ్రైవరు దగ్గరికి పోయి "జర సౌండు పెంచు బిడ్డా, అన్నకి వినవడాలె" అన్నాడు.

మనవరాలికి ఈ నెల 'పాతాళభైరవి' చూపించాను. పాట వచ్చినప్పుడు "ఈయన ఎవరు అవ్వా?" అంది. ఆయనే అన్నాను. నమ్మలేదు. మళ్లీ పెట్టమంది.